పాత గుడి పడగొట్టేలోపు చెయ్యాల్సిన పని

మా భీమవరం వైపు పల్లెల్లో ఏ పేటకి వెళ్ళినా ఇప్పుడు ఒకటే మాట. "పాత గుడి కురుస్తోందండి, తీసేసి శ్లాబు వేసుకుందాం." (చర్చిని మేం గుడి అనే అంటాం. పాస్టరుగారిని అయ్యగారంటాం.) అది తప్పని నేననడం లేదు. జనం పెరిగారు, దూలాలు పుచ్చిపోయాయి. శ్రావణమాసం ఆదివారాల్లో చాపలు మడిచి గోడవారకి జరిగి కూర్చున్నదాన్ని నేనూ. కానీ వందేళ్ళ గుడిని పడగొట్టడానికి పొక్లెయినరుకి ఒక్క పూట చాలు. ఆ పూట వచ్చేలోపు ఆ గుడి ఎప్పుడు కట్టారో, ఎవరి డబ్బుతో కట్టారో, ఎవరి రెక్కలు అరిగాయో రాసి పెట్టుకోవాలి. మా ఊరి లూథరన్ గుడికి ఆ పని నేను చేశాను. రెండేళ్ళు పట్టింది. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్నే తప్ప చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. కాబట్టి ఓపికున్న ఎవరైనా చెయ్యొచ్చు. నేను ఎలా చేశానో, ఎక్కడ దెబ్బ తిన్నానో చెబుతాను.

ముందు రాయి దగ్గరికి వెళ్ళండి. ప్రతి పాత గుడికీ గుమ్మం పక్కనో, బలిపీఠం వెనక గోడలోనో ఒక శిలాఫలకం ఉంటుంది. లేదని మీవాళ్ళు చెప్పినా నమ్మకండి, సున్నం కింద ఉండి ఉంటుంది. మా రాయి మీద ఏటా క్రిస్మసుకి వేసిన వెల్ల పొరలు పొరలుగా పేరుకుపోయి, ఆపైన ఎవరో భక్తితో నీలం ఎనామిల్ రంగు కూడా కొట్టారు. పైన నాలుగు అక్షరాలు తప్ప ఏమీ కనబడేది కాదు. ఇలాంటి రాయి మీద ఆసిడ్ పోయకండి, వైరు బ్రష్షు పెట్టకండి, ఉలి అసలు పెట్టకండి. తడి గుడ్డ పది నిమిషాలు అద్ది ఉంచి, సున్నం మెత్తబడ్డాక వెదురు చీలికతో మెల్లగా గీకాలి. రోజుకి జానెడు జాగా చాలు. ఎనామిల్ రంగు మా దగ్గర గోరుతో లేపితే రేకుల్లా వచ్చేసింది, ఎందుకంటే దాని కింద సున్నమే ఉంది. మీది నేరుగా రాతికే పట్టేసి ఉంటే దాని జోలికి వెళ్ళకుండా వదిలెయ్యండి.

అక్షరాలు చదవడానికి పగలు పనికిరాదు. దీపాలు పెట్టే వేళ దాటాక వెళ్ళి, టార్చిలైటు రాతికి ఎదురుగా కాక, పక్కనుంచి గోడకి ఆనించి వెయ్యండి. అరిగిపోయిన అక్షరం కూడా తన నీడతో లేచి నిలబడుతుంది. కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి, పైనుంచి, కిందనుంచి వెలుగు వేసి నాలుగు ఫొటోలు తియ్యండి. తరవాత ఉన్నది ఉన్నట్టు, తప్పులతో సహా కాపీ చేసుకోండి. 'వ్రాయబడెను' అని ఉంటే 'రాశారు' అని మార్చకండి.

నాలుగో రోజు సాయంత్రం మా రాతి అడుగున, నేలకి మూరెడు ఎత్తులో, ఎవ్వరికీ తెలియని ఒక వరుస బయటపడింది. పైన దొరగారి పేరు, ప్రతిష్ఠ చేసిన తేదీ అందరికీ తెలిసినవే. కింద చిన్న అక్షరాలతో: "ఈ సంఘపు స్త్రీల పిడికెడు బియ్యముతో." చేతిలో టార్చి పట్టుకుని నేలమీదే కూర్చుండిపోయాను. పిడికెడు బియ్యమంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. పూట పూటకీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. వారానికోసారి ఆ కుండలన్నీ గుడికి చేరతాయి. అవి అమ్మి, వచ్చిన డబ్బు సంఘం ఖర్చుకి వాడతారు. కూలికి వెళ్ళి తెచ్చుకున్న గింజల్లోంచి తీసిన పిడికెడు అది. నా రెండేళ్ళ పనీ ఆ వరుసలో ఉన్న ఆడవాళ్ళెవరో కనుక్కోవడం కోసమే జరిగిందని చెప్పినా తప్పు లేదు.

రాతి మీద ఉన్న ఏడాది గుడి వయసని అనుకోవద్దు. సంఘం మొదలైన ఏడాది ఒకటి, పునాదిరాయి వేసిన ఏడాది ఇంకొకటి, ప్రతిష్ఠ చేసిన ఏడాది మరొకటి. మూడూ వేరువేరుగా రాసుకోండి. అంతకుముందు తాటాకు పాక ఒకటి ఉండే ఉంటుంది, దాని సంగతీ అడగండి. శతజయంతి ఏ ఏడాది చెయ్యాలన్న తగువులన్నీ ఈ మూడు తేదీలనీ ఒకటి చేసెయ్యడం వల్ల వచ్చినవే.

ఆ తరవాత గుడి చుట్టూ ఒకసారి నడవండి. గుమ్మం ఎటు చూస్తోంది? మా గుడి రోడ్డుకి వీపు పెట్టి కాలవకేసి చూస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు వాస్తు అనుకుంటారు గానీ కారణం వేరు. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఆ తరవాత డెల్టాలో జనానికీ సరుక్కీ కాలవే దారి. అయ్యగారు పడవలో వచ్చేవారు, సున్నం పడవలో వచ్చేది, గోదారి మీద తెప్పలుగా కట్టి దింపిన టేకు దుంగలు లాకులు దాటి రేవుకి చేరేవి. మీ గుడి గుమ్మం కాలవ వైపుంటే, రోడ్డు పడకముందు కట్టినదని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు.

గోడ పగులు ఉన్నచోట చూడండి, గానుగ సున్నమా సిమెంటా అని. సున్నమైనంత మాత్రాన వయసు తేలదు, మా నాన్నగారి కాలం దాకా సున్నంతో కట్టినవాళ్ళున్నారు. పెంకు ఒకటి దింపి వెనక్కి తిప్పండి, మంగుళూరు పెంకైతే ఫ్యాక్టరీ పేరు అచ్చుపోసి ఉంటుంది. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో, అంచేత ఆ పెంకు అంతకంటే పాతది కాలేదు. ఇనుప దూలం ఉంటే దాని నడుము మీద కూడా ముద్ర ఉంటుంది. టాటా అని ఉంటే 1912కి తరవాతిదే, వాళ్ళ ఉక్కు మొదటిసారి పోతపోసింది ఆ ఏడాదే. అయితే ఒక జాగ్రత్త. ఇవన్నీ పైకప్పు వయసు చెబుతాయి గానీ గోడ వయసు చెప్పవు. తుఫానుకి కప్పు లేచిపోయి మళ్ళీ వేసుకోని గుడి మన వైపు ఎక్కడుంది? గంట సంగతీ అంతే. గంట మీద ఉన్న ఏడాది గంటదే.

ఇక రిజిస్టర్లు. అయ్యగారి బీరువాలో, సంఘ కార్యదర్శి ఇంటి అటక మీద, ఒక్కోసారి చనిపోయిన కోశాధికారి ట్రంకు పెట్టెలో ఉంటాయి. బాప్తిస్మాలది, పెళ్ళిళ్ళది, సమాధులది, చందాలది నాలుగూ అడగండి. దొరకగానే చదవడం మొదలుపెట్టకండి. ముందు ఫొటోలు తియ్యండి. కిటికీ పక్కన, ఫ్లాషు లేకుండా, అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీలతో సహా, వరస తప్పకుండా. నేను మొదట్లో ఆసక్తిగా ఉన్న పేజీలు మాత్రం తీశాను. ఆర్నెల్ల తరవాత ఏ పేజీ ఏ ఏడాదిదో తెలియక మొత్తం మళ్ళీ తీయడానికి వెళితే, ఆ మధ్య వానాకాలంలో చెదలు పట్టి రెండు కట్టలు పొడైపోయాయి. ఆ పొడి చేతిలోకి తీసుకున్నప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. మీకు ఆ పరిస్థితి రాకూడదు. చిరిగిన పేజీకి సెల్లోటేపు వెయ్యకండి, లామినేషన్ చేయించకండి. వేలు తడిచేసి పేజీ తిప్పకండి. పాత గుడ్డలో చుట్టి, నేలకీ గోడకీ తగలకుండా ఎత్తున పెట్టండి.

బాప్తిస్మపు రిజిస్టరు ఎలా చదవాలన్నది మీది ఏ సంఘం అన్న దాన్నిబట్టి ఉంటుంది. మా లూథరన్లు పసిబిడ్డలకి బాప్తిస్మమిస్తాం కాబట్టి, తేదీకి కాస్త వెనక్కి వెళితే పుట్టినరోజు దొరుకుతుంది. బాప్టిస్టు, బ్రదరన్ సంఘాల్లో విశ్వసించి అడిగినవాళ్ళకే ఇస్తారు, అక్కడ పేరున్న మనిషి అప్పటికే పెద్దవాడని అర్థం. ఈ తేడా తెలియక వంశవృక్షాలు తలకిందులుగా గీసినవాళ్ళని చూశాను. మొదటి తరం పేజీల్లో 'పూర్వపు పేరు' అనే గడి ఒకటుంటుంది. అక్కడ ఆగండి. ఊరి దేవత పేరో, పుల్లయ్య, మాలచ్చి లాంటి పేరో రాసి, పక్కన మార్త అనో, యాకోబు అనో ఉంటుంది. కులం, పేట పేరు, ఎవరి దగ్గర పాలేరుగా ఉన్నాడో కూడా కొందరు అయ్యగార్లు రాశారు. వాటిని దాచకండి. మన తాతల గురించి ప్రభుత్వ కాగితాల్లో ఒక్క ముక్క ఉండదు, వాళ్ళకి పేరుపెట్టి, తేదీ వేసి రాసిన మొట్టమొదటి కాగితం చాలామందికి ఇదే. కాకపోతే బతికున్నవాళ్ళ వివరాలు మాత్రం అచ్చులో వెయ్యకండి.

నా ఆడవాళ్ళు దొరికింది బాప్తిస్మపు పుస్తకంలో కాదు, చందా పుస్తకంలో. మగవాళ్ళ పేర్ల ఎదురుగా అణాలు, బేడలు ఉన్నాయి. వెనక నుంచి తిప్పితే, పుస్తకం తలకిందులు చేసి మొదలుపెట్టిన మరో లెక్క ఉంది. తవ్వలు, సోలలు, గిద్దెలు, అంటే బియ్యం కొలతలు. ఎదురుగా పేర్లు కూడా లేవు, "ఫలానావాని భార్య", "ఫలానావాని తల్లి", "విధవ, కాలవగట్టు" అని మాత్రం ఉంది. ఆ ఫలానావాళ్ళ పేర్లు పెళ్ళిళ్ళ రిజిస్టరులో పట్టుకుని, అక్కణ్ణించి వాళ్ళ భార్యల పేర్లు ఒక్కొక్కటే తీశాను. నలభై ఒక్క మందిలో ముప్పై నాలుగు పేర్లు దొరికాయి. లెక్కల టీచరుగా నా జీవితంలో చేసిన అతి మంచి లెక్క ఇదే. మీ పుస్తకాలు కూడా వెనక నుంచి తిప్పి చూడండి.

ఊళ్ళో కాగితాలు అయ్యాక బయటివాటికి వెళ్ళాలి. అందుకు ముందు మీ గుడి ఏ మిషన్ చేతిదో తెలియాలి. నరసాపురం, పాలకొల్లు వైపైతే చాలావరకు గోదావరి డెల్టా మిషన్, అంటే బ్రదరన్ వాళ్ళది. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ ఊరి నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ భార్యలతో 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట మద్రాసుకి వచ్చి, ఆ తరవాత నరసాపురంలో స్థిరపడ్డారు. ఆ బ్రదరన్ సంఘాల ఉత్తరాలు, కాగితాలు మాంచెస్టరులో జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఉన్నాయి. కాకినాడ కేంద్రంగా కెనడా బాప్టిస్టులు 1874లో పని మొదలుపెట్టారు, వాళ్ళ భాండాగారం కెనడాలో హామిల్టన్ పట్నంలోని మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో ఉంది.

మా లూథరన్ల కథకి మూలం రాజమండ్రి. రాజరాజ నరేంద్రుడి కాలం నుంచీ పేరున్న ఆ ఊళ్ళో ఉత్తర జర్మనీ మిషన్ వాళ్ళు 1840ల్లో పని మొదలుపెట్టి, కొన్నేళ్ళకే అమెరికా లూథరన్లకి అప్పగించారు. 1842లో గుంటూరులో అడుగుపెట్టిన అమెరికా లూథరన్ల మిషనరీ హెయ్యర్ దొరే, రాజమండ్రి పనిని లూథరన్లు వదులుకుని వేరే మిషన్‌కి ఇచ్చేస్తారని తెలిసి, 1869లో 76 ఏళ్ళ వయసులో మళ్ళీ ఓడెక్కి వచ్చాడు. ఆయన రాకపోతే మా వైపు గుళ్ళ మీద లూథరన్ అన్న పేరు ఉండేది కాదేమో. ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడింది 1927లో. అంచేత అంతకుముందు కాగితాల్లో ఆ పేరుతో వెతికితే ఏమీ దొరకదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది జిల్లా పేరు. మాది పశ్చిమగోదావరి కదా అని 1907లో హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజిటీరు (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకం) ముందేసుకుని వారం రోజులు వెతికాను. భీమవరం తాలూకా కనబడలేదు. తరవాత తెలిసింది. 1859 దాకా ఇదంతా రాజమండ్రి జిల్లా. ఆ ఏడాది గోదావరి జిల్లా అయింది. 1904లో భీమవరం, తణుకు, నరసాపురం తాలూకాలని కృష్ణా జిల్లాలో కలిపేశారు, నగరం లంక మాత్రం గోదావరిలోనే ఉండిపోయింది. 1925లో కృష్ణాని చీల్చి పశ్చిమగోదావరి చేశారు. మళ్ళీ 2022లో జిల్లాలని ఇంకోసారి విడగొట్టిన సంగతి మీకు తెలుసు. కాబట్టి మీ గుడికి సంబంధించిన ప్రతి తేదీకీ ఎదురుగా అప్పటికి మీ ఊరు ఏ జిల్లాలో ఉందో రాసుకున్నాకే రికార్డుల గడప తొక్కండి. మా తాలూకా సంగతులు హెన్రీ మోరిస్ 1878లో వేసిన గోదావరి జిల్లా పుస్తకంలో ఉన్నాయి. 1953 దాకా మనం మద్రాసు కింద ఉన్నాం కాబట్టి పాత ప్రభుత్వ కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళాల్సి రావచ్చు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఊరి పేర్లు దొరల నోటితో పలకండి. కాకినాడ వాళ్ళకి కొకనాడా, సామర్లకోట సామల్‌కోటా, పాలకొల్లు పాల్‌కోల్. రాజమండ్రి వెళితే గౌతమీ గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికల కోసం ఒక పూట కేటాయించండి.

గుడి స్థలం కాగితాలు వేరే సంగతి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నకలుకి దరఖాస్తు పెట్టండి, స్థలం ఎవరు ఇచ్చారో తెలుస్తుంది. తగాదాలున్నచోట మాత్రం ఈ పని సంఘపు పెద్దలందరికీ చెప్పి, తీర్మానం రాయించుకుని చెయ్యండి.

సమాధుల తోటకి ఈస్టరుకి ముందే వెళ్ళండి. ఈస్టరుకని అందరూ సమాధులకి సున్నం వేస్తారు, అక్షరాలు పూడిపోతాయి. దొరల సమాధులైతే, జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఆయన మద్రాసు రాష్ట్రంలోని యూరోపియన్ సమాధుల మీది రాతల్లో చరిత్రకి పనికొచ్చేవి పోగుచేసి 1905లో పుస్తకం వేశాడు. ఇప్పుడు అరిగిపోయినవి కొన్ని అందులో చదువుకోవచ్చు. మనవాళ్ళ సమాధుల రాతలు మాత్రం నాకు తెలిసి ఎవరూ పోగుచెయ్యలేదు. అది మనమే చెయ్యాలి.

ఆఖర్న చెబుతున్నాను గానీ, పెద్దవాళ్ళని అడగడం రాయి కంటే కూడా ముందు మొదలుపెట్టాల్సింది, ఎందుకంటే కాగితం ఆగుతుంది, మనిషి ఆగడు. "గుడి ఎప్పుడు కట్టారు మామ్మా?" అని అడిగితే ఏమీ రాదు. "ఇటుకలు ఎక్కడ కాల్చారు? అన్నం ఎవరు వండారు? గంట మొదటిసారి మోగినప్పుడు నువ్వెక్కడున్నావు?" అని అడగండి. మా పేటలో తొంభై దాటిన మామ్మగారు ఒకావిడ, "మా అత్త చెప్పేది, ఇటుకల బట్టీ పెట్టింది ఇప్పటి చేపల చెరువు ఉన్నచోటనే. ఆడోళ్ళం వరసగా నిలబడి చేతికీ చేతికీ అందించుకున్నామని" అంది. ఆ మాట ఏ రిపోర్టులోనూ లేదు.

వాళ్ళు తేదీలు తెలుగు సంవత్సరాల్లో చెబుతారు. కంగారు పడకండి, అరవై ఏళ్ళకి చక్రం తిరుగుతుంది. ఆ చక్రంలో మొదటిదైన ప్రభవ 1987 ఉగాదితో మొదలైంది, అక్కణ్ణించి అరవై చొప్పున వెనక్కి తీసేస్తే 1927, 1867. ధాత ఆ వరసలో పదోది, కాబట్టి "ధాతలో గోడ పడింది" అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కావచ్చు. చెప్పిన మనిషి వయసు, ఆ సంగతి తను చూసిందా విన్నదా అన్నది అడిగితే ఏదో ఒకటి నిలుస్తుంది. ఉగాదికి ముందా తరవాతా అన్నదీ చూసుకోవాలి, జనవరి, ఫిబ్రవరి నెలలైతే ఇంగ్లీషు ఏడాది ఒకటి పెరుగుతుంది. తుఫాన్లు, వరదలు కూడా మంచి గుర్తులు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను అందరికీ గుర్తే, వాటికి ముందా వెనకా అని అడగండి.

రాసేటప్పుడు చూసింది, చదివింది, విన్నది మూడూ విడివిడిగా కనబడేలా రాయండి. "రాతి మీద ఉంది", "చందా పుస్తకంలో ఉంది", "మామ్మగారు చెప్పారు" అని ప్రతి సంగతికీ ముందు పెట్టండి. రెండూ కలవకపోతే రెండూ వెయ్యండి. దొరగారి పేరు ఎక్కడుండాలో అక్కడ వెయ్యండి, ఆయన సముద్రం దాటి వచ్చి పడిన కష్టం చిన్నది కాదు. తాపీమేస్త్రీ పేరు, ఉపదేశి పేరు, బైబిలు స్త్రీ (ఆడవాళ్ళకి బైబిలు చెప్పిన ఆవిడ) పేరు దొరికితే అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యండి. అచ్చయ్యాక ఒక ప్రతి గుడిలో, ఒకటి ఊరి బడిలో, ఒకటి గౌతమీ గ్రంథాలయంలో ఇవ్వండి. ఫొటోలు ముగ్గురి దగ్గర మూడు పెన్‌డ్రైవుల్లో ఉండాలి.

పడగొట్టే రోజు పొక్లెయినరు రాకముందే రాయి తీయించండి. తాపీమేస్త్రీ చేత చుట్టూ ఉన్న సున్నం చెక్కించి, ఇసుక బస్తాల మీదకి మెల్లగా వాల్చి, గోనెపట్టాలో చుట్టి నీడన పెట్టించాలి. మా రాయి ఇప్పుడు కొత్త గుడి గుమ్మం పక్కన ఉంది. పైకి పెడదామని పెద్దలన్నారు గానీ నేను పట్టుబట్టి పాత ఎత్తులోనే, నేలకి మూరెడు పైన ఆఖరి వరుస ఉండేలా పెట్టించాను. సండే స్కూలు పిల్లలు చెప్పులు విప్పడానికి వంగినప్పుడు ఆ వరుసే వాళ్ళ కళ్ళకి తగులుతుంది.